గుమ్మం బయటి నునుపు

వెన్న పెట్టుకునే అరలో ఒకరోజు పదకొండు ఫిల్ము డబ్బాలు కనిపించాయి. నేను షెడ్డు వంటమనిషిని. గొర్రెల ఉన్ని కత్తిరించే పద్దెనిమిది మందికి రోజుకి అయిదుసార్లు తిండి పెట్టాలి. ఫ్రిజ్‌లో నా వెన్నకే చోటు లేకుండా చేసిన పెద్దమనిషి ఎవరో చూద్దామని గరిటె పట్టుకుని బయటికి వచ్చాను.

"ఎవరి పనర్రా ఇది?" అని అరిచాను.

ఉన్ని బేళ్ళు నొక్కే క్లెమ్ రాఫర్టీ తల గోక్కుంటూ ముందుకొచ్చాడు. "నాదే వేణీ. ఎండకి పాడైపోతాయి. ఫ్రిజ్ నీ ఒక్కదాని దగ్గరే ఉంది."

"ఉంది కదా అని రేపు నీ బూట్లు కూడా తెచ్చి పెడతావా?"

"బూట్లు ఎండకి పాడవ్వవు కదా," అన్నాడు, నిజంగానే కాసేపు ఆలోచించి.

మా స్నేహం అలా మొదలైంది. ఇది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. నేను తెనాలి నుంచి సముద్రం దాటి ఈ హిల్‌స్టన్ ఊరికి వచ్చి అప్పటికే తొమ్మిదేళ్ళయింది, కత్తిరింపువాళ్ళ నోటి దురుసు నాకూ కొంత పట్టుబడింది. క్లెమ్‌కి అప్పుడు నలభై రెండు. ఎద్దులాంటి మనిషి, మాట మాత్రం మెత్తన. ఫిల్ములకి కింది అర ఇచ్చాను, కూరగాయల పక్కన. బదులుగా అవి దేనికో చూపించమన్నాను, ఎందుకంటే అంత బరువు పని చేసే మనిషి అంత చిన్న డబ్బాలని పసిపిల్లల్లా చూసుకోవడం నాకు వింతగా తోచింది.

మర్నాడు టీ వేళకి ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. అన్నీ నలుపు తెలుపు ఫోటోలు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. బడి వరండా గోడకి పిల్లలు తలలు ఆన్చి ఆన్చి పడిన నల్లటి చార. పోస్టాఫీసు గడప మధ్యలో పల్లం. పబ్బు బల్ల మీద మోచేతులు ఆనేచోట వార్నిష్ పోయి తేలిన రెండు మచ్చలు. బస్సు కోసం కూర్చునే బెంచీ కింద మడమలు తవ్విన గుంటలు. నేను ఆ గుంటల ఫోటో పట్టుకుని చాలాసేపు చూశాను. ఆ బెంచీ మీద నేనూ కూర్చున్నాను, ఆ గుంటల్లో నా మడమలూ కొంత తవ్వి ఉంటాయి.

"రంగుల్లో ఎందుకు తియ్యవు?" అని అడిగాను.

"రంగుంటే కన్ను పెయింటు దగ్గరే ఆగిపోతుంది. ఇలా తీస్తే ఎక్కడ నునుపు తేలిందో, ఎక్కడ గుంట పడిందో అదే కనపడుతుంది. పొద్దున్నే తియ్యాలి, లేకపోతే ఎండ వాలాక. పక్కనుంచి వెలుతురు పడితేనే గుంటలో నీడ నిలుస్తుంది."

"మనుషుల్ని తియ్యవా?"

"మనుషులు కెమెరా చూడగానే పొట్ట లోపలికి లాక్కుంటారు. గోడకి ఆ బాధ లేదు."

కత్తిరింపువాళ్ళు ఊరుకుంటారా? "ఏం క్లెమ్, ఇవాళ ఏ గోడతో పెళ్ళిచూపులు?" అని రోజూ ఏడిపించేవాళ్ళు. పెళ్ళి మాటకొస్తే అతనికి ఒకసారి అయింది కూడా. ఆవిడ బడిపంతులమ్మ. "నన్ను చూడవయ్యా, నేను కూర్చుని లేచిన కుర్చీని కాదు," అని ఆరేళ్ళు చెప్పి చూసి వెళ్ళిపోయింది. ఆ కుర్చీ ఫోటో మాత్రం చాలా బాగా వచ్చిందని నాతోనే అన్నాడు, సిగ్గు లేకుండా.

అతని చూపు ఎలాంటిదో ఒక సంగతి చెబుతాను. ఒకసారి మేమెవ్వరం ఎన్నడూ చూడని షెడ్డుకి పనికి వెళ్ళాం. కత్తిరింపు జరిగే చెక్క అరుగుని మేం బోర్డు అంటాం. క్లెమ్ బోర్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, రెండో మనిషి నిలబడే చోటు చూసి, "ఇక్కడ ఎడమచేతివాటం వాడు చాలా ఏళ్ళు చేశాడు. కుడికాలు ఈడుస్తాడు," అన్నాడు. ఆ షెడ్డు యజమాని నోట్లోంచి చుట్ట జారిపోయింది. "మా బాబాయి!" అన్నాడు. అందరం నవ్వాం కానీ, ఆ రోజు నుంచి ఆ రోగం నాకూ అంటుకుంది. నా పొయ్యి ముందు నేలమీద నా రెండు పాదాలు అరగదీసిన చోటు ఎప్పుడూ చూడనిదాన్ని, ఇప్పుడు పొద్దున లేవగానే చూస్తాను.

కిందటి మార్చిలో, అప్పటికి క్లెమ్ నడుం పోయి పని మానేసి రెండేళ్ళయింది, గిల్లెన్‌డూన్ అనే పాత గొర్రెల ఎస్టేటు అమ్ముడుపోయిందని కబురొచ్చింది. కొన్నవాళ్ళు బాదంతోట వేస్తారట. నెలాఖరు సోమవారం యంత్రం వచ్చి షెడ్డు పడగొడుతుందట. ఆ మధ్యాహ్నం క్లెమ్ మా ఇంటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"మా అమ్మ అక్కడ వంట చేసింది వేణీ," అన్నాడు. "ఏడు సీజన్లు."

నాకు కోపం ముంచుకొచ్చింది. "ఇరవై రెండేళ్ళుగా నా చేతి తిండి తింటున్నావ్. మీ అమ్మ కూడా షెడ్డు వంటమనిషని ఒక్కసారైనా చెప్పావా?"

"చెప్పడానికి ఏముంది? నాన్న నేను పుట్టకముందే పోయాడు. నాకు ఆరేళ్ళప్పుడు ఆవిడా పోయింది. నన్ను పెంచింది ఐవీ పెద్దమ్మ. 'పొత్తిళ్ళలో ఉన్నప్పుడే మీ అమ్మ నిన్ను నా చేతుల్లో పడేసి షెడ్డుకి పోయింది, వెనక్కి తిరిగి కూడా చూళ్ళేదు' అని చెప్పేది. అడిగినప్పుడల్లా అదే మాట. ఆవిడ మొహం గుర్తులేదు, ఫోటో ఒక్కటి కూడా లేదు." టీ కప్పు చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు. "నన్ను వదిలించుకుందా, లేకపోతే వదల్లేక వదిలిందా, అది నాకు తెలియాలి. నాకొచ్చిందల్లా గోడలు చూడ్డమే. ఆ షెడ్డు పడిపోతే చూడ్డానికి అదీ ఉండదు."

అరవై నాలుగేళ్ళ మనిషి ఆ మాట అంటుంటే నా కోపమంతా దిగిపోయింది. పేరేంటని అడిగాను. మావిస్ అట ఆవిడ పేరు.

మూడు వారాంతాలు వెళ్ళి వచ్చాడు. తొమ్మిది ఫిల్ము రోళ్ళు ఖర్చుపెట్టాడు. గిల్లెన్‌డూన్‌లో వంటిల్లు ఎప్పుడో అగ్నికి పోయింది, మిగిలింది షెడ్డే. దాని లోపల లేనివాళ్ళు లేరు. గోడల మీద పెన్సిలుతో రాసుకున్న గొర్రెల లెక్కలు, బేళ్ళ మీద ముద్రలు వేసే రేకులతో కొట్టుకున్న పేర్లు, ఉన్ని జిడ్డుకి అద్దంలా నల్లగా మెరిసే గుంజలు, గొర్రెల్ని ఈడ్చి ఈడ్చి పడిన కాలువలు. మావిస్ పేరు లేదు, గుర్తు లేదు. మూడో ఆదివారం సాయంత్రం కాంటాక్ట్ షీట్లు తెచ్చి నా వంటింటి బల్ల మీద పరిచాడు. రోలు మొత్తం చిన్నచిన్న బొమ్మలుగా ఒకే కాగితం మీద అచ్చయ్యే షీట్లు అవి. పరిచి, కుర్చీలో కూలబడి, "అయిపోయింది వేణీ. ఆవిడ అక్కడ లేదు," అన్నాడు.

నేను భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే చూశాను. ప్రతి షీటులోనూ మొదటి రెండు బొమ్మల మీద ఎర్ర పెన్సిలుతో కొట్టివేత ఉంది.

"ఇవెందుకు కొట్టేశావ్?"

"అవి పారేసేవే. ఫిల్ము ఎక్కించేటప్పుడు మొదటి ముక్కకి వెలుతురు తగులుతుంది. అది ముందుకి జరగాలని రెండుసార్లు ఊరికే నొక్కుతాను. కెమెరా ఎటుంటే అటు."

"ఎక్కడ నిలబడి ఎక్కిస్తావ్?"

"గుమ్మం బయట. చూరు కింద నీడ ఉంటుంది."

తొమ్మిది రోళ్ళు, పద్దెనిమిది బొమ్మలు. సగం తెల్లగా కాలిపోయినవే, వంకరటింకరవే. బొమ్మ పడిన అన్నిట్లోనూ అదే గుంజ, షెడ్డు గుమ్మానికి బయటివైపున్న గుంజ. దాని మీద భుజం ఎత్తులో ఒక మచ్చ. లోపలి గుంజల్లాగా నల్లటి జిడ్డు మెరుపు కాదు, లేత బూడిదరంగు, పొడి నునుపు. గుడ్డ రాసుకుంటే వచ్చే నునుపు.

"ఇదేంటి?" అన్నాను.

"గుమ్మం."

"గుమ్మమని నాకు మాత్రం తెలీదా? ఈ మచ్చేంటి?"

క్లెమ్ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాడు.

"నీ బుర్రకి బూజు పట్టింది," అన్నాను. "ఆ రోజుల్లో ఆడది బోర్డు మీద కాలు పెట్టేదా? ఎవత్తైనా దగ్గరికొస్తే చాలు, 'చెరువులోకి బాతులొచ్చాయ్' అని ఒకడు కేక పెట్టేవాడు, బూతులు ఆపేసి, చొక్కాలు సర్దుకునేవాళ్ళు. గుమ్మం దాటనిచ్చేవాళ్ళు కాదు. నేను కొత్తగా చేరినప్పుడు కూడా ఒక ముసలాడు అలా అరవలేదూ? బాతు కాదురా, నీ భోజనం వచ్చింది, కావాలా వద్దా అన్నాను. నాకు సరే, నా నోరుంది. మీ అమ్మ ఏం చేస్తుంది? ఒక చేత్తో టీ డబ్బా, ఇంకో చేత్తో రొట్టెల పళ్ళెం పట్టుకుని బయటే నిలబడుతుంది. ఎవడో ఒకడు వచ్చి అందుకునేదాకా భుజం ఆన్చుకుంటుంది. నువ్వేమో లోపల వెతుకుతున్నావ్!"

నలభై ఏళ్ళు షెడ్లలో బతికినవాళ్ళకి షెడ్డంటే లోపలే. క్లెమ్ అంతటివాడికి కూడా.

మర్నాడు తెల్లవారగానే ఇద్దరం వెళ్ళాం. నేను నా టీ డబ్బా, పళ్ళెం కూడా పట్టుకెళ్ళాను. డబ్బా నిండా నీళ్ళు పోయించి, పళ్ళెం ఎత్తి, గుమ్మం దగ్గర ఎప్పుడూ నిలబడేటట్టే నిలబడ్డాను. బరువుకి నా భుజం దానంతటదే గుంజ మీదికి వాలింది. మచ్చ నా భుజానికి నాలుగు వేళ్ళు పైన ఉంది.

"నాకన్నా పొడగరి," అన్నాను.

"పొడుగా?" అన్నాడు క్లెమ్. అతనికి అదీ తెలియదు పాపం. తను వచ్చి నిలబడి చూసుకున్నాడు. నడుం వంగిన మనిషి కదా, సరిగ్గా ఆ మచ్చ దగ్గరే అతని భుజం కుదిరింది. అలాగే ఉండిపోయాడు. నేను డబ్బా కింద పెట్టి, అతన్ని చూడకుండా ఉండాలని కిందకి చూశాను. అప్పుడే కనిపించింది. అదే గుంజకి, మోకాలి ఎత్తులో, చుట్టూ తిరిగిన ఒక పల్లం.

"కుక్కని కట్టుంటారు," అన్నాడు క్లెమ్.

"గొలుసైతే గీతలు పడవా? చెయ్యి పెట్టి చూడు." వేలితో తడిమాను. రెండు వేళ్ళ వెడల్పు, చదునుగా ఉంది, జారిపోతోంది. మా అమ్మమ్మ ఇంట్లో కవ్వం తాడు ఒరుసుకున్న స్తంభం ఇలాగే ఉండేది. "ఇది గుడ్డ పట్టీ క్లెమ్. ఏదో పట్టీతో దేన్నో కట్టారు, అది అటూ ఇటూ గుంజుకుంది, రోజుల తరబడి."

"ఊహించుకోకు వేణీ. నన్ను పొత్తిళ్ళలోనే ఇచ్చేసింది." గొంతు కటువుగా ఉంది. అయినా ఎండ పక్కకి వచ్చేదాకా ఆగి, నేల మీద పడుకుని ఆ పల్లం ఫోటో తీశాడు.

ఆ మధ్యాహ్నమే తన ఇంట్లో బట్టలుతికే గదిలో కిటికీలు మూసి, ఫిల్ము కడిగి ప్రింటు వేశాడు. ఎర్రదీపం కింద, వెనిగర్ వాసన మధ్య, పళ్ళెంలో కాగితం మీద ఆ గుంజ మెల్లగా తేలి వచ్చింది. ఆ కట్టు ఎవరిదో గోడలు చెప్పవు, మనుషులే చెప్పాలి. గిల్లెన్‌డూన్‌లో ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళలో ప్రాణంతో ఉన్నది ఒక్కడే, వెర్న్ ఆక్స్లీ. ఎనభై ఆరేళ్ళు. ఊళ్ళో వృద్ధాశ్రమంలో ఉంటాడు. మర్నాడు కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ కేకుల పెట్టె పట్టుకుని వెళ్ళాం.

వెర్న్ ముందు ఒక లామింగ్టన్ తిన్నాడు. "కొబ్బరి తక్కువైంది అమ్మాయ్," అన్నాడు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. తర్వాత చేతులు తుడుచుకుని ఫోటో కిటికీ వెలుతురులో పెట్టుకున్నాడు. చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇది నీ కట్రాట కదరా!"

"నాదా?" అన్నాడు క్లెమ్.

"నీది కాకపోతే నాదా? రెండేళ్ళవాడివి. మావిస్ టీ తెచ్చి గుమ్మంలో నిలబడగానే ఆవిడ కాళ్ళ సందులోంచి లోపలికి దూరేవాడివి. ఆవిడ లోపలికి రాకూడదు. నువ్వు మగపిల్లాడివాయె, నిన్ను ఆపడానికి రూలు లేదు! ఎవడో ఒకడు పని ఆపుకుని నిన్ను చంకనేసుకొచ్చి ఆవిడకి ఇచ్చేవాడు. మేస్త్రీ చిందులు తొక్కేవాడు. అందుకని ఏప్రన్ పట్టీ విప్పి దాంతో నిన్ను గుంజకి కట్టేసేది. నువ్వేమో గిత్తలాగా గుంజుకునేవాడివి."

"పొత్తిళ్ళలోనే ఇచ్చేసిందని ఐవీ పెద్దమ్మ..."

"అలా చెప్పిందా?" వెర్న్ మొహంలో నవ్వు పోయింది. "ఐవీకి పిల్లల్లేరు. నువ్వు మొదటినుంచీ తన దగ్గరే ఉన్నావనుకోవాలని ఉండి ఉంటుంది."

ఐవీ పోయి ఇరవై ఏళ్ళయింది. పోయినావిడని తిట్టకూడదని నాకూ తెలుసు. తిట్టాను, తెలుగులో, వాళ్ళిద్దరికీ అర్థం కాకుండా.

"మరెందుకు ఇచ్చేసింది?" అన్నాడు క్లెమ్. ఆ ప్రశ్న కోసమే వచ్చాడు. కుర్చీ అంచుమీదికి జరిగాడు.

వెర్న్ ఫోటోలో ఆ పల్లం మీద వేలు పెట్టాడు. "ఒకరోజు పట్టీ ఊడింది," అన్నాడు. "నేను అప్పుడు కొత్త, మూడో చోట నిలబడేవాణ్ణి. గొర్రె తన్నుకుంటోంది, చేతిలో కత్తిరింపు మిషను తిరుగుతోంది. నువ్వు వచ్చి దాని మూతి పట్టుకోబోయావ్. నేను చూళ్ళేదురా. ఒట్టు, చూళ్ళేదు. గుమ్మంలోంచి ఆవిడ చూసింది. అరవలేదు. అరిస్తే నేను ఉలిక్కిపడుదును, చెయ్యి నీ మీదికే పోయేది. టీ డబ్బా వదిలేసి పరిగెత్తుకొచ్చింది. బోర్డు మీదికి! ఆరు అంగలు. నిన్ను లాగేసింది. మిషను ఆవిడ మోచేతికి దిగింది. రక్తం ధారగా కారుతోంది, నీకు చిన్న గీత కూడా పడలేదు. ఆ షెడ్డులోకి ఆడమనిషి అడుగుపెట్టడం నేను చూడ్డం అదే. బాతులని ఒక్కడూ అరవలేదు."

క్లెమ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మేస్త్రీ చెప్పేశాడు, పిల్లాడైనా పోవాలి, నువ్వైనా పోవాలని. పని పోతే నీకు పాలెక్కణ్ణించి తెస్తుంది? ఐవీ దగ్గర దింపి మర్నాడు వచ్చింది, చేతికి కట్టుతో. ఆ తర్వాత నాలుగు సీజన్లు అదే గుమ్మంలో నిలబడింది. ఆ పట్టీ గుంజకి అలాగే ఉండేది. ఎవడన్నా విప్పబోతే వాడికి ఆ పూట టీ పోసేది కాదు."

నేను ఏడ్చాను. దాచుకోవడం దేనికి? వెర్న్ కూడా ముక్కు చీదుకున్నాడు. క్లెమ్ మాత్రం ఏడవలేదు. లామింగ్టన్ల పెట్టె మూత చింపి, జేబులోంచి పెన్సిలు తీసి వెర్న్ చేతికిచ్చాడు.

"ఏ పలకల మీదుగా వచ్చింది? గీయి," అన్నాడు.

వెర్న్ గుమ్మం గీశాడు, మూడో చోటు గీశాడు, మధ్యలో ఆరు చుక్కలు పెట్టాడు.

యంత్రం వచ్చే ముందురోజు, ఆదివారం పొద్దున, మళ్ళీ వెళ్ళాం. క్లెమ్ ఆ మూత చూసుకుంటూ బోర్డు మీద గుమ్మం నుంచి మూడో చోటు దాకా మోకాళ్ళ మీద నడిచాడు. ఎండ పక్కనుంచి వచ్చింది. ముప్పై ఆరు బొమ్మల రోలు మొత్తం ఆ కాస్త మేరలోనే ఖర్చుపెట్టాడు. నేను వంగి వంగి చూశాను. అరవై ఏళ్ళుగా బూట్లు తొక్కిన పలకలు, గొర్రెలు జారిన పలకలు. ఒక్కసారి, ఆరంగలు పరిగెత్తిన ఆడమనిషి గుర్తు అక్కడ ఎలా ఉంటుంది?

"ఏం కనపడుతోందయ్యా నీకు?" అన్నాను.

"ఏమీ కనపడ్డం లేదు," అన్నాడు, ఇంకోటి నొక్కుతూ.

తోట యజమాని మంచివాడే, ఆ గుంజని కోసి ఇచ్చాడు. క్లెమ్ దాన్ని వరండాలో నిలబెట్టాడు. వచ్చినవాళ్ళందరూ దాన్నే తడుముతారు, దాని కథే అడుగుతారు. లోపలి గోడకి మాత్రం అతను తగిలించుకున్నది ఒకే ఒక్క ఫోటో. ఉత్త పలకలు. వాటి మీద అడ్డంగా కాస్త ఎండ. మొన్న ఉత్తరాలిచ్చే కుర్రది దాని ముందు నిలబడి అటు వంగి, ఇటు వంగి చూసింది.

"ఇందులో ఏమీ లేదు కదా క్లెమ్?" అంది.

"మా అమ్మ ఇక్కణ్ణించే లోపలికొచ్చింది," అన్నాడు క్లెమ్.